కత్తి పట్టుకుంటే పాపను పొడుస్తానేమో అన్న భయం: నేను సైకోనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఐదు నెలలుగా, కూరగాయలు కోస్తున్నప్పుడు పక్కన మూడేళ్ల మేనకోడలు ఉంటే, ఆ కత్తితో పాపను పొడుస్తున్నట్టు ఒక్క క్షణం కళ్ల ముందు మెదులుతోంది. ఒళ్లు చల్లబడిపోతోంది. కత్తులన్నీ సొరుగులో పెట్టి తాళం వేశారు. పాపను ఎత్తుకోవడం మానేశారు. అక్క అడిగితే ఏదో సాకు చెబుతున్నారు. రాత్రుళ్లు నిద్ర మానుకుని ఫోన్‌లో సైకోల లక్షణాలు వెతుకుతున్నారు. అంతా రాసి చివర్లో ఒక్క వాక్యం చేర్చారు: "వ్యాపారంలో నన్ను ముంచిన పార్ట్‌నర్‌ని చితక్కొడుతున్నట్టు ఊహించుకుంటే మాత్రం హాయిగా ఉంటుంది, అది మామూలేగా?"

ఇరవై ఏళ్లకు పైగా సైకియాట్రిస్ట్‌గా పనిచేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెబుతాను.

పాప విషయంలో మీరు రాసినదంతా చూస్తే మీరు ప్రమాదకరమైన మనిషిలా కనిపించడం లేదు. ఓసీడీ అనే జబ్బులో (అక్కర్లేని ఆలోచనలు పదే పదే వచ్చి, ఆ భయంతో కొన్ని పనులు మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) తరచుగా కనిపించే తీరు ఇది, దీనికి మంచి వైద్యం ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా జబ్బు పేరు ఖాయం చేయకూడదు కాబట్టి "ఓసీడీయే" అని ముద్ర వేయడం లేదు. కానీ మిమ్మల్ని ఇంతగా వణికిస్తున్న ఆ ఆలోచన చదివి నేను కంగారుపడలేదు. చివర్లో తేలిగ్గా రాసేసిన ఆ వాక్యం దగ్గర ఆగాను. దాని గురించి కొన్ని ప్రశ్నలు అడగాలి. కిందకు వచ్చేసరికి అడుగుతాను.

మొదట పాప సంగతి.

మనసులోకి పిలవని పేరంటంలా వచ్చిపడే ఆలోచనలు దాదాపు అందరికీ ఉంటాయి. ప్లాట్‌ఫాం మీద నిలబడితే ముందున్న మనిషిని తోసేస్తే ఎలా ఉంటుందని, బండి నడుపుతుంటే ఎదురుగా వచ్చే వాళ్ల మీదకు పోనిస్తే ఏమవుతుందని, చంటిబిడ్డను ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే చేతులు వదిలేస్తే అని. 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 13 దేశాల్లో 777 మంది విద్యార్థులను ఇంటర్వ్యూ చేశారు. గడిచిన మూడు నెలల్లో ఇలాంటి అక్కర్లేని ఆలోచన ఒక్కటైనా వచ్చిందన్నవాళ్లు నూటికి 94 మంది. అందులో అన్నీ హింసకు సంబంధించినవి కావు, కానీ హింసవి కూడా ఉన్నాయి. అంతకన్నా చాలా ముందే, 1978లో, రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన పని నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది. జబ్బు ఉన్నవాళ్ల ఆలోచనలు, జబ్బు లేనివాళ్ల ఆలోచనలు కాగితాల మీద రాసి కలిపేసి, ఏది ఎవరిదో చెప్పమని అనుభవం ఉన్నవాళ్లకే ఇచ్చారు. వాళ్లూ సరిగ్గా చెప్పలేకపోయారు. అంటే ఆలోచనలో ఏముందన్నది చూసి మనిషిని తేల్చలేం.

మరి దేన్ని చూసి తేలుస్తాం? ఆలోచన వచ్చిన తర్వాత మనిషి ఏం చేస్తాడన్నది చూసి. నా గదిలో నేను అడిగే ప్రశ్నలన్నీ చివరికి అక్కడికే చేరతాయి.

మామూలుగా అయితే అలాంటి దృశ్యం మెదిలినప్పుడు "ఛీ, ఇదేం ఆలోచన" అనుకుని మనిషి పనిలో పడిపోతాడు. ఓసీడీ వైపు ఒరిగే మనసు అక్కడ ఆగిపోతుంది. "ఇది నాకెందుకు వచ్చింది? లోపల ఎక్కడో చేయాలని ఉంటేనే కదా వస్తుంది?" అని తవ్వుతుంది. ఆలోచన రావడమంటే సగం చేసేసినట్టే అన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్క తప్పు. కానీ భయంలో ఉన్నవాడికి అది తప్పుగా కనిపించదు. అక్కడి నుంచి కాపలా మొదలు. కత్తులు దాచడం, పాపకు దూరంగా ఉండడం, చేతుల్ని గమనించుకోవడం, నెట్‌లో వెతకడం, "నేను అలాంటివాడిని కాదు కదా" అని పదిసార్లు తనకు తానే చెప్పుకోవడం. ప్రతి కాపలా పనీ పది నిమిషాలు ఊరటనిస్తుంది, తర్వాత భయాన్ని ఇంకాస్త పెంచుతుంది. తాళం వేసిన సొరుగును చూసినప్పుడల్లా "నేను ప్రమాదం కాబట్టే కదా తాళం వేశాను" అని మీ మనసుకు మీరే సాక్ష్యం చెబుతున్నారు.

మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వెనకటికెవరో చెప్పారట. ఇక కోతి తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు ఇదే విషయాన్ని ప్రయోగం చేసి చూపించాడు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దు, తలపుకొచ్చినప్పుడల్లా గంట కొట్టండి అన్నాడు. ఐదు నిమిషాల్లో గంట మోగుతూనే ఉంది. పైగా ఆ తర్వాత "ఇప్పుడు తలచుకోవచ్చు" అంటే, ముందు ఆపుకున్నవాళ్లకే అది ఎక్కువగా వచ్చింది. మీరు ఐదు నెలలుగా ఆపుకుంటున్నారు.

ఇంకో మాట. ఈ ఆలోచనలు మనిషికి ఏది ప్రాణమో సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంటాయి. పసిపిల్లల మీద ప్రేమ ఉన్నవాడికి పిల్లల గురించే వస్తాయి. భక్తి ఉన్నవాడికి దైవదూషణ వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి వచ్చింది (గుర్తుపట్టే వివరాలు అన్నీ మార్చాను). నడుం నొప్పి, నిద్ర లేదు అని చీటీ రాయించుకుని వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చలేస్తోందా అని అడిగాను. లేదంది. భర్తను కాసేపు బయట కూర్చోమన్నాక చెప్పింది. ఏడు నెలల బిడ్డకు నీళ్లు పోయడం తను మానేసి మూడు నెలలైందట. టబ్బులో ముంచేస్తానేమోనని భయం. చేతులు తొడల కింద ఎందుకంటే, గదిలో బిడ్డ లేకపోయినా ఆ చేతుల్ని తను నమ్మడం లేదు. "మీరు పోలీసులకు ఫోన్ చేస్తారా?" అన్నది ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న. కొత్తగా తల్లులైనవాళ్లలో ఇలాంటి ఆలోచనలు ఎంత మామూలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత బిడ్డకు తనే నీళ్లు పోస్తూ తీసిన వీడియో చూపించింది.

ఓసీడీ వల్ల వచ్చే ఇలాంటి ఆలోచనను ఎవరైనా నిజంగా చేసేయడం ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక్కడే నా తప్పొకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక కుర్రాడికి ప్రతి వారం "నువ్వు అలాంటివాడివి కాదు, ధైర్యంగా ఉండు" అని చెప్పి పంపేవాణ్ణి. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. కొన్నాళ్లకు వారం ఆగలేక ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు పదకొండుసార్లు చేశాడు. నా భరోసా అతనికి కత్తికి వేసిన తాళం లాంటిదే అయింది. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి అతనికి ఆరు నెలలు వృథా అయ్యాయి. అందుకే మీకు పైన ఒక్కసారి చెప్పాను, మళ్లీ చెప్పను. మీరూ ఎవరినీ మళ్లీ మళ్లీ అడగకండి, ఆ వెతుకులాట ఈ రాత్రి నుంచే ఆపండి.

వైద్యం గురించి. ఈఆర్‌పీ అనే థెరపీ ఉంది. భయపెట్టే పరిస్థితికి కొద్దికొద్దిగా ఎదురెళ్లి, కాపలా పనులేవీ చేయకుండా అక్కడే ఉండడం దాని సారం. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన ఆసుపత్రిలో ఉన్న రోగుల మీద మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ దీని మీదే ఆధారపడతాం. మీ విషయంలో అయితే మెట్లు ఇలా ఉండొచ్చు: ముందు సొరుగు తాళం తీసి అలాగే వదిలేయడం. పాప పక్క గదిలో ఉండగా ఉల్లిపాయ తరగడం. తర్వాత వంటగది గుమ్మంలో పాప ఆడుకుంటుండగా తరగడం. ఆలోచన వస్తే రానివ్వడం, దానితో వాదించకపోవడం, చేతుల వంక చూసుకోకపోవడం. భయం పెరుగుతుంది, కాసేపు ఉంటుంది, దానంతటదే దిగుతుంది. చదవడానికి తేలిగ్గా ఉంది కానీ మొదటిసారి చేసేటప్పుడు చెమటలు పడతాయి. ఈ మెట్లు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ముందు ఒక డాక్టర్ మిమ్మల్ని చూసి ఇది ఓసీడీయే అని తేల్చాలి. ఎందుకో కింద చెబుతాను. తేలాక, ఈ పద్ధతి నేర్చుకున్న సైకాలజిస్టు దగ్గర మొదలుపెట్టండి.

మందుల్లో ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటివి వాడతాం. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు కన్నా ఓసీడీకి తరచుగా ఎక్కువ కావాలి, గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో "పని చేయలేదు" అని మానేసేవాళ్లు చాలామంది. మొదటి రోజుల్లో కొందరికి లోపల గిలగిలలాడినట్టు, ఒకచోట కూర్చోలేనట్టు ఉంటుంది. అలా ఉంటే డాక్టర్‌కు వెంటనే చెప్పాలి, ఓర్చుకుంటూ కూర్చోకూడదు.

ఇక పార్ట్‌నర్ సంగతి.

మోసం చేసినవాడి మీద కసి రావడం సహజం. ఎవరినైనా చంపుతున్నట్టు ఎప్పుడైనా ఊహించుకున్నారా అని 1993లో కాలేజీ విద్యార్థులను అడిగితే మగవాళ్లలో, ఆడవాళ్లలో కూడా సగానికి మించి అవునన్నారు. వాళ్లంతా హంతకులు కాలేదు. కాబట్టి ఊహ వచ్చినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు.

అయినా ఈ ఆలోచనకు, పాప గురించిన ఆలోచనకు మధ్య ఉన్న తేడా చూడండి. అది వస్తే మీరు వణికిపోతున్నారు, దీన్ని మీరే పిలుచుకుంటున్నారు. అది మీకు పరాయిది, ఇది మీ సొంతం. ఆలోచన భయపెడుతోందా, హాయినిస్తోందా అన్నది మేము చాలా జాగ్రత్తగా చూస్తాం. హాయినిచ్చేదాన్ని మనిషి మళ్లీ మళ్లీ చేస్తాడు. ప్రతిసారీ ఊహ కాస్త ముందుకు పోతుంది, వివరాలు చేరతాయి.

కోపాన్ని ఎక్కడో ఒకచోట వెళ్లగక్కేస్తే చల్లారుతుందని చాలామంది నమ్ముతారు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగం దీనికి సరిగ్గా ఎదురు చెప్పింది. కోపం తెప్పించినవాడిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్ల కోపం తగ్గలేదు సరికదా, ఊరికే కూర్చున్నవాళ్ల కన్నా ఎక్కువైంది. మీరు మనసులో రోజూ చేస్తున్నది అదే.

ఒకాయన సంగతి చెబుతాను. వయసు యాభై దాటింది, నెమ్మదస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆస్తి తగాదాలో అన్న మోసం చేశాడు. భార్య బలవంతం మీద నిద్ర మాత్రల కోసం వచ్చాడు. అన్న గురించి ఆలోచనలు వస్తాయా అంటే "వస్తాయండీ, అందరికీ వచ్చేవేగా" అన్నాడు. గొంతులో ఏ తడబాటూ లేదు. మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, అన్న ఇంటి గేటు లైటు పదింపావుకు ఆరుతుందన్నాడు. అది మీకెలా తెలుసు అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం రెండు పెగ్గులు వేసుకున్నాక బండి తీసుకుని ఆ వీధిలోకి వెళ్లి వస్తున్నాడట. అప్పటికి మూడుసార్లు వెళ్లాడు. ఏం చేయాలని వెళ్తున్నాడో తనకే తెలియదన్నాడు, అది నిజమేనని నమ్మాను. కానీ ఆలోచన కాళ్లు కదిలించడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆయన్ని ఇంటికి పంపలేదు. అడ్మిట్ చేశాం. లోపల ఉన్నది గట్టి డిప్రెషన్. డిప్రెషన్ అంటే ఏడుపు ఒక్కటే కాదు, కొందరిలో అది చిరాకుగా, కసిగా బయటపడుతుంది. తాగుడు మాన్పించాం, డిప్రెషన్‌కు వైద్యం చేశాం, తగాదాను లాయర్ చేతికి అప్పగించమన్నాం. ఇప్పటికీ అన్నదమ్ములకు మాటల్లేవు. కానీ ఆ వీధి మాట ఎత్తడం లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ పార్ట్‌నర్ ఎక్కడ ఉంటాడో, ఎప్పుడు ఒంటరిగా ఉంటాడో తెలుసుకునే ప్రయత్నం చేశారా? అటువైపు వెళ్లారా? ఎలా కొట్టాలి, దేనితో కొట్టాలి అన్నదాకా ఊహ వెళ్లిందా? బెదిరిస్తూ మెసేజ్ పెట్టారా? ఇంతకు ముందు ఎప్పుడైనా ఎవరి మీదైనా చేయి చేసుకున్నారా? మందు తాగినప్పుడు ఈ ఊహలు ఎక్కువవుతున్నాయా? "ఇంక నాకు పోయేదేముంది" అనిపిస్తోందా? అన్నిటికీ లేదు అయితే ఇది గాయపడిన మనిషి కోపం, దానికి కౌన్సెలింగ్, మోసానికి చట్టపరమైన దారి సరిపోతాయి. ఒక్కదానికి అవును అయినా ఈ వారంలోనే డాక్టర్‌ను కలవాలి. రెండు మూడింటికి అవును అయితే ఈరోజే. చివరి ప్రశ్నను ప్రత్యేకంగా చేర్చాను, ఎదుటివాడిని చంపాలన్న ఆలోచన పక్కనే తను చావాలన్న ఆలోచన ఉండడం అరుదు కాదు.

ఈ రెండు దారుల్లోనూ ఇమడనివి కొన్ని ఉంటాయి. చెవిలో ఎవరో "వాడిని కొట్టు" అని ఆజ్ఞాపిస్తున్నట్టు వినిపించడం. ఫలానావాడు తనను చంపడానికి చూస్తున్నాడని, అన్నంలో ఏదో కలుపుతున్నాడని గట్టిగా నమ్మడం. రోజుల తరబడి నిద్రలేకపోయినా అలసట లేకుండా ఊగిపోవడం. ప్రసవం తర్వాత మొదటి వారాల్లో తల్లి మాట తీరు మారిపోయి, అయోమయంగా, బిడ్డ గురించి వింత నమ్మకాలు చెప్పడం. వెయ్యి ప్రసవాల్లో ఒకటి రెండు చోట్ల కనిపించే ప్రసవానంతర సైకోసిస్ (ఏది నిజమో మనసుకు తెలియకుండా పోయే స్థితి) అది. పైన చెప్పిన తల్లికి ఉన్నది ఇది కాదు. ఆమె తన ఆలోచనకు తనే భయపడింది. సైకోసిస్‌లో ఆ ఆలోచన సరైనదే అనిపించవచ్చు. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మిమ్మల్ని ముందు డాక్టర్ చూడాలని అన్నది ఇందుకే. ఇవేవీ లేవని తేలాకే ఈఆర్‌పీ. కోపంలో ఎవరి మీదైనా చేయి అదుపు తప్పేలా ఉందనిపించినా ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఆ మనిషికి దూరంగా జరగండి, ఆయుధం లాంటిది ఏదైనా దగ్గర ఉంటే ఇంకొకరి చేతికివ్వండి, తోడు తీసుకుని వెళ్లండి.

శరీరాన్నీ మర్చిపోకూడదు. కొత్తగా కోపం, హింస ఆలోచనలు మొదలైనవాళ్లను ఏ మందులు వాడుతున్నారో తప్పకుండా అడుగుతాను. మూర్ఛకు ఇచ్చే లెవెటిరాసిటమ్ కొందరిలో విపరీతమైన చిరాకు తెస్తుంది. స్టెరాయిడ్లు మూడ్‌ని తలకిందులు చేయగలవు. థైరాయిడ్ ఎక్కువైనా, తలకు దెబ్బ తగిలినా మనిషి మారవచ్చు. మద్యం, ఉత్తేజపరిచే డ్రగ్స్ సంగతి చెప్పక్కర్లేదు. మందు చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. వాడుతున్న మందు మీద అనుమానం వచ్చినా మీ అంతట మీరు ఆపకండి.

డాక్టర్‌కు చెబితే పోలీసులకు చెప్పేస్తారేమో అన్న భయం మీకూ ఉండే ఉంటుంది. ఆలోచన రావడం నేరం కాదు. మీరు చెప్పింది సాధారణంగా ఆ గది దాటదు. ఫలానా మనిషికి నిజంగా ప్రాణహాని ఉందని డాక్టర్‌కు అనిపించినప్పుడు మాత్రం ఆ మనిషిని కాపాడే బాధ్యత ముందుకొస్తుంది. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ సూత్రం బాగా చర్చలోకి వచ్చింది. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి, మొదటి సిట్టింగులోనే డాక్టర్‌ను అడిగేయవచ్చు. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఓసీడీ గురించి సరిగ్గా తెలియని డాక్టర్ ఎదురై, మీ మాట విని కంగారుపడి ఇంట్లోవాళ్లకు చెప్పేసే ప్రమాదం లేకపోలేదు. అలా దెబ్బతిని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు. అందుకని మొదటి వాక్యాలు ముందే రాసుకుని వెళ్లండి. "నాకు ఇష్టం లేని ఆలోచనలు వస్తున్నాయి. పాపకు హాని చేస్తానేమోనని భయంగా ఉంది. ఇప్పటిదాకా ఏమీ చేయలేదు, చేయాలనీ లేదు. ఆ భయంతో కత్తులు దాచేస్తున్నాను, పాపకు దూరంగా ఉంటున్నాను." ఈ నాలుగు మాటలు వింటే, తెలిసిన డాక్టర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో అర్థమవుతుంది. నోట మాట రాకపోతే కాగితం చేతికిచ్చేయండి. చాలామంది అలాగే ఇస్తారు.

ఇంట్లోవాళ్లకు ఎవరికైనా చెప్పాలనిపిస్తే అక్కకే చెప్పండి, డాక్టర్‌ను కలిశాక. పాపకు ఎందుకు దూరమయ్యారో తెలియక ఆమె కూడా ఏదో ఒకటి ఊహించుకుంటూనే ఉంటుంది.

ఆ కాగితం మీద పార్ట్‌నర్ సంగతి కూడా పైనే రాయండి. అసలు విషయాన్ని చివరిదాకా దాచి, లేచి వెళ్తూ తలుపు గడియ మీద చేయి వేసి "అన్నట్టు డాక్టర్ గారూ" అని చెప్పేవాళ్లను ఎందరినో చూశాను. అప్పటికి బయట ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. మీరు కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడే చెప్పండి.